వార్త గోడది, శాలువా అమాత్యుడిది

అనగనగా అనడానికి మరీ అంత పాత సంగతి కాదు, మొన్న మొన్న అనడానికి అంత కొత్తదీ కాదు. గండశిల అనే రాజ్యాన్ని రణకేతు మహారాజు ఏలుతుండేవాడు. ఆయన సింహాసనం మీద కూర్చోవాలంటే ముందుగా ఆయన బిరుదులు పదహారూ చదవాలి. ఒక్కటి తగ్గినా ఆయన నిలబడే ఉండేవాడు. రాజు నిలబడితే సభంతా నిలబడాలి గనక, చదివేవాడు ఒక్కటి కూడా మరిచిపోకుండా అందరూ జాగ్రత్తపడేవారు.

ఆ కొలువులో త్రిలోచనుడని ఒక వార్తామాత్యుడు ఉండేవాడు. రాజ్యంలో ఎక్కడ ఏం జరిగిందో రోజూ సభలో చదివి వినిపించడం ఆయన ఉద్యోగం. ఆయన చేతికింద నలభైమంది వేగులు. ఆ నలభైమందీ భోజనాల వేళకు తప్పకుండా హాజరయ్యేవారు. మిగతా వేళల్లో ఎక్కడ ఉండేవారో చెప్పడం కష్టం.

అయినా వార్తలు మాత్రం రోజూ వేడివేడిగా వచ్చేవి. వాటి అసలు పుట్టిల్లు సంతవీధిలో ఉంది. అక్కడ నూకమ్మ అనే ఆవిడ కాపురం. గాడిదమీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేది. వీధిబడి అరుగు పక్కన ఉప్పు అమ్ముతూ, పిల్లలు వల్లెవేస్తుంటే విని తానూ అక్షరాలు నేర్చుకుంది. తిరిగొచ్చాక చూసిందీ విన్నదీ తన ఇంటి గోడమీద బొగ్గుతో రాసేది. ప్రతి వార్త కిందా అది తనకు చెప్పినవాళ్ళ పేరు వేసేది. పొరపాటు పడితే తుడిచేది కాదు. ఆ మాటమీద అడ్డగీత గీసి, పక్కనే సరైన మాట రాసేది.

"తుడిచేస్తే పొద్దున్నే చదివి పోయినోళ్ళకి నేను తప్పు రాశానని ఎట్టా తెలుస్తుంది?" అనేది.

తెల్లవారగానే వార్తామాత్యుడి లేఖకుడు ఆ గోడ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గబగబా తన పత్రంలోకి ఎక్కించుకుని పోయేవాడు. పేర్లు మాత్రం వదిలేసేవాడు. సభలో త్రిలోచనుడు గొంతు సవరించుకుని, "విశ్వసనీయ వర్గాల ద్వారా తెలియవచ్చినదేమనగా" అని మొదలుపెట్టేవాడు. గుర్రాల దొంగలు ఎక్కడ దాక్కున్నారో చెప్పినందుకు ఒక శాలువా. సరిహద్దులో పరాయి గుడారాలు వెలిశాయని చెప్పినందుకు ఇంకో శాలువా. చివరికి మండు వేసవిలో కూడా ఆయన రెండేసి శాలువాలు కప్పుకుని, చెమటలు కక్కుతూ కొలువుకు వచ్చేవాడు.

అదే కొలువులో కొమ్మన అనే మాటకారి ఉండేవాడు. అతని ఇల్లు సంతవీధి చివర. రోజూ గోడ చదివి వచ్చి, అదే సంగతి సభలో మళ్ళీ వినడం అతనికి విసుగు పుట్టించింది. ఒకరోజు ఉండబట్టలేక, "ప్రభూ, ఇవన్నీ ఉప్పు నూకమ్మ గోడమీద ఉన్నవే. ఆమె పేరు కూడా ఒక్క మాట చెబితే అందంగా ఉంటుంది" అన్నాడు.

మహారాజు చెయ్యి విసిరాడు. "మాకు కావలసింది వార్త. తెచ్చినది ఎవరైతేనేం? ఉప్పు అమ్మేవాళ్ళ పేర్లు వినడానికా మేము సింహాసనం ఎక్కింది?"

పదహారు బిరుదులు విన్నాక గానీ కూర్చోని మనిషి ఆ మాట అన్నాడు. కొమ్మనకు ఒళ్ళు మండింది గానీ, అప్పటికి ఊరుకున్నాడు.

ఆ ఏడు వానలు విపరీతంగా కురిశాయి. ఒక ఉదయం గోడమీద వార్త: "ఎగువలంక దగ్గర ఏటిగట్టు తెగింది. చెప్పినది: పడవ సింగన్న." లేఖకుడు ఎక్కించుకుని పోయాడు. జాము పొద్దెక్కాక దిగువలంకనుంచి గొర్రెలకాపరి మల్లడు తడిసి ముద్దయి వచ్చాడు. గట్టు తెగింది ఎగువలంకలో కాదు, తమ ఊళ్ళో అన్నాడు. సింగన్న దూరంనుంచి నీళ్ళు చూసి అనుకున్నాడంతే. నూకమ్మ వెంటనే గీత గీసి దిద్దింది. మల్లడి పేరు కూడా వేసింది.

సభ తీరేది ఆ తర్వాత రెండు గడియలకు. ఈలోగా లేఖకుడు మళ్ళీ వీధిలోకి వచ్చి చూస్తే సరిపోయేది. చూడలేదు. త్రిలోచనుడు ఎగువలంక అని చదివాడు. మహారాజు నలభై బళ్ళ బియ్యం, పన్నెండు పడవలు ఎగువలంకకు పంపాడు. అక్కడి జనం పొడినేలమీద నిలబడి వాటిని వింతగా చూశారు. దిగువలంక జనం మాత్రం మూడు రోజులు ఇళ్ళ కప్పులమీద వానలో కూర్చున్నారు. ప్రాణాలు దక్కాయి గానీ, గొడ్లూ గోదా కొట్టుకుపోయాయి.

మహారాజు కోపంతో ఊగిపోయాడు. "ఈ తప్పుడు వార్త తెచ్చినది ఎవరు?"

"నాది కాదు ప్రభూ!" అన్నాడు త్రిలోచనుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "సంతవీధిలో నూకమ్మ అని ఉప్పు అమ్ముకునే మనిషి ఉంది. ఇది ఆమె గోడమీది రాత."

ఆ కొలువులో వార్తామాత్యుడి నోట నూకమ్మ పేరు రావడం అదే మొదలు.

భటులు వెళ్ళి ఆమెను పట్టుకొచ్చారు. ఆ గోడ కూల్చి, ఆమెను రాజ్యంనుంచి వెళ్ళగొట్టమని మహారాజు ఆజ్ఞ ఇవ్వబోయాడు. ఆ ఇల్లూ గాడిదా తప్ప ఆమెకు ఈ లోకంలో ఏమీ లేదు.

కొమ్మన లేచాడు. "ప్రభూ, ఆ శిక్ష చాలదు!"

నూకమ్మ బిత్తరపోయి అతనివైపు చూసింది. త్రిలోచనుడు సంతోషంతో శాలువా సర్దుకున్నాడు.

"ఈమెతోపాటు అమాత్యులవారికి కూడా పడాలి" అన్నాడు కొమ్మన. "నలభైమంది వేగులను పెట్టుకుని, వేలమంది ప్రాణాల సంగతి దారినపోయే గోడను నమ్మి చదువుతారా? ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాస్తే, అడిగి చూడకుండా మహారాజు చెవిన వేస్తారా? ఇంత అజాగ్రత్త ఎక్కడైనా ఉందా?"

మహారాజు చూపు అమాత్యుడి మీదికి తిరిగింది. త్రిలోచనుడు గబుక్కున ముందుకు వచ్చాడు.

"అజాగ్రత్త కాదు ప్రభూ! ముక్కూ మొహం తెలియకపోవడమేమిటి? ఆ గోడ ఏనాడూ తప్పు చెప్పలేదు. గుర్రాల దొంగల సంగతి అక్షరాలా నిజమైందా లేదా? సరిహద్దు గుడారాలు? ధాన్యపు కొట్టుకు నిప్పంటుకున్న సంగతి? మూడేళ్ళుగా రోజూ చూస్తున్నాను గనకనే నమ్మాను!"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. కాసేపటికి బిరుదులు చదివేవాడు కూడా నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. తానేమన్నాడో త్రిలోచనుడికి అప్పుడు తెలిసింది.

"ఆ గుర్రాల సంగతికే కదూ నీకు పట్టుశాలువా కప్పాం?" అన్నాడు మహారాజు నెమ్మదిగా.

అమాత్యుడు భుజంమీది శాలువా అంచు లోపలికి మడుచుకున్నాడు.

మహారాజుకు సిగ్గుగానే ఉంది, కానీ వెనక్కి తగ్గడం అలవాటు లేదు. "అయితే మాత్రం? ఈ వార్త ఆమెదే కదా. తప్పు తెచ్చినదాన్ని శిక్షించాల్సిందే."

"చిత్తం. కానీ ప్రభూ, వార్త నిజమైనన్నాళ్ళూ తెచ్చినది ఎవరైతేనేం అన్నారు. అబద్ధమయ్యేసరికి ఆమె పేరూ వీధీ కావలసి వచ్చాయి. పేరు మంచికి పనికిరాకుండా చెడుకు మాత్రం పనికొస్తుందా? ఆ లెక్కన తమ బిరుదులు కూడా ఓడిన యుద్ధాలకే చదివించాలి."

మహారాజు మీసం కదిలింది. "ఏమ్మా, నువ్వేమంటావు?" అని నూకమ్మను అడిగాడు.

"తప్పు రాసింది నేనే దొరా" అంది నూకమ్మ. "జాము తిరక్కుండా దిద్దిందీ నేనే. గీత గోడమీదే ఉంది, చూసుకోండి. దిద్దింది మీదాకా ఎందుకు రాలేదో ఆ అయ్యనే అడగండి."

మహారాజు ఒక భటుణ్ణి పంపాడు. అతను తిరిగొచ్చి, గీతా ఉంది, దిద్దిన మాటా ఉంది, సింగన్న పేరూ మల్లడి పేరూ ఉన్నాయని చెప్పాడు. అంతే, మహారాజు పకపకా నవ్వాడు. తనమీద తాను నవ్వుకోవడం ఆయనకు అదే మొదటిసారి. చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగాడు. త్రిలోచనుడి భుజంమీది శాలువాలు రెండూ తీయించి నూకమ్మకు ఇప్పించాడు.

"ఉప్పు మోసుకునేదానికి ఇవెందుకు దొరా" అంది నూకమ్మ. మళ్ళీ తడిమి చూసి, "సరేలే, వానకి బస్తా తడవకుండా కప్పుకుంటాను" అని పుచ్చుకుంది.

ఇకపై ఎవరు చెప్పిన వార్త అయినా వాళ్ళ పేరుతోనే చదవాలని ఆజ్ఞ అయింది.

మర్నాడు త్రిలోచనుడు శాలువా లేకుండా లేచి నిలబడ్డాడు. నీళ్ళు నములుతూ చదివాడు:

"సంతవీధి నూకమ్మ గోడమీద రాసినది. ఏటిగట్టు సంగతిలో నేను తప్పు రాశాను. జాములోపల దిద్దుకున్నాను. మహారాజుగారి బళ్ళు మాత్రం దారి దిద్దుకోవడానికి మూడు రోజులు పట్టింది. అందాకా దిగువలంక జనం పస్తులున్నారు. చెప్పినది: మల్లడు."

మహారాజు ముఖం ఎర్రబడింది.

"అందులో అబద్ధం ఏమైనా ఉందా?" అని అడిగాడు.

"లేదు ప్రభూ" అన్నాడు త్రిలోచనుడు.

మహారాజు పెద్దగా నవ్వేశాడు. "అయితే మళ్ళీ మొదటినుంచి చదువు. ఆ పేర్లు కాస్త గట్టిగా!"