ఊదితే తగ్గని కోపం

భ్రమరాంబ టీచరు గారి శిష్యులందరిలోకీ ప్రశ్న వేయడంలో నన్ను మించినవాడు లేడు. ఇందులో పెద్ద గొప్పేమీ లేదు. ఆవిడకి ప్రస్తుతం ఉన్న శిష్యుణ్ణి నేనొక్కణ్ణే. బి.ఎడ్. పట్టా పట్టుకుని చేరిన నన్ను అయిదో తరగతిలో ఆవిడకి సాయంగా వేశారు. బడి వదిలాక ఆవిడ ఇంటి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటారు. నేను ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తుంటాను. ఆవిడ వాదించరు, బోధించరు. "చూద్దాంలేరా" అంటారు. చూపిస్తారు కూడా, తీరిక దొరికినప్పుడు.

ఆ సాయంత్రం నేను మండిపోతూ వెళ్ళాను. ఆవిడ కంటి ఆపరేషను సెలవు ముగిసింది, మర్నాటి నుంచి బడికి వస్తున్నారు.

"కోపంగా ఉన్న పిల్లని చల్లార్చడం టీచరు పనేనా, టీచర్?" అన్నాను.

నా మంటకి కారణం ఉంది. మాది పిల్లల మనసెరిగిన బడి. ఈ సంగతి గేటు మీద ఆరడుగుల బోర్డే చెబుతుంది. తరగతి గోడకి ఒక తాడు, తాడు మీద నాలుగు మొహాల బొమ్మలు: సంతోషం, దిగులు, భయం, కోపం. పొద్దున్నే ప్రతి పిల్లా తన ఫొటో అంటించిన బట్టల క్లిప్పుని తన మనసుకి సరిపోయే మొహం కింద తగిలించాలి. కోపం కింద తగిలిస్తే 'శాంతి మూల'కి పంపుతారు. అక్కడో దిండు, కాగితపు గాలిమర ఉంటాయి. కోపం తగ్గేదాకా గాలిమరని ఊదుతూ కూర్చోవాలి. ఇది చాలదన్నట్టు 'ఎవరి వేగం వారిది' అని ఇంకో పద్ధతి కొత్తగా వచ్చింది. చదవడంలో వెనకబడిన పిల్లల్ని బెంచీల మీంచి లేపి వరండాలో ఎర్ర చాపల మీద కూర్చోబెట్టారు. ఒక్కొక్కరికీ ఒక ట్యాబు, చెవులకి హెడ్‌ఫోను. పిల్లకో పాఠమట! పిల్లకో మూల అని రాసుంటే ఒప్పుకునేవాణ్ణి.

పైడితల్లి అనే పిల్ల వారం రోజులుగా శాంతి మూలలో ఊదుతూనే ఉంది. బుగ్గలు వాచాయి గాని క్లిప్పు మాత్రం కోపం కిందనుంచి కదల్లేదు. శనివారం తల్లిదండ్రులు బడి చూడ్డానికి వస్తారు. ఆ రోజుకి క్లిప్పులన్నీ నవ్వు మొహం కిందే ఉండాలని కరస్పాండెంటు సింహాచలం గారి హుకుం. "ఆ పిల్ల నవ్వుతుందా సరే. లేదంటే టీసీ రాసి వాళ్ళమ్మ చేతిలో పెట్టండి" అన్నారాయన. నవ్వకపోతే బడిలోంచి గెంటే సంతోషాన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇదంతా చెప్పాను. ఆవిడ పుచ్చిన చిక్కుడుకాయ ఒకదాన్ని తీసి పక్కన పడేసి, "రేపు చూద్దాంలేరా" అన్నారు.

మర్నాడు శుక్రవారం. భ్రమరాంబ టీచరు గారు తన దండెం మీది చెక్క క్లిప్పు ఒకటి తెచ్చి, అందరూ చూస్తుండగా కోపం మొహం కింద తగిలించారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని, "అమ్మా" అంటూ శాంతి మూలలో చతికిలబడ్డారు.

"కాస్త జరగవే" అన్నారు పైడితల్లితో.

పైడితల్లి జరిగింది. గాలిమర కూడా ఇచ్చింది. ఆవిడ ఊదారు. తరగతంతా గుడ్లప్పగించి చూసింది. పాఠం ఆగిపోయింది. గొడవ విని సింహాచలం గారు పరుగున వచ్చారు.

"ఇదేంటండీ టీచరు గారూ! లేవండి, పిల్లలు చూస్తున్నారు!"

"బడి రూలేనండీ. కోపం తగ్గాక లేస్తాను."

"ఎప్పుడు తగ్గుతుందండీ?"

"నన్నడిగితే ఎలా? దీన్నడగాలి" అని గాలిమర చూపించారు.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సింహాచలం గారు చెమట తుడుచుకున్నారు. రేపు తల్లిదండ్రులొస్తారు, అరవై ఏళ్ళ పెద్దావిడ మూలలో కూర్చుని ఊదుతోంది. ఆయన గొంతు తగ్గించి, "అసలు మీకు కోపం ఎందుకొచ్చిందండీ?" అన్నారు.

"నేను ఇందాకే వచ్చానండీ. ఈ పిల్ల వారం నించీ కూర్చుంది. వరసలో ముందు తననడగండి."

ఆయన మా వైపు చూశారు, తలుపు వైపు చూశారు, తప్పక పంట్లాం పైకి లాక్కుని పైడితల్లి ముందు గొంతుక్కూర్చున్నారు. "ఏమ్మా, నీకెందుకే కోపం?"

"నానూ అదీ ఒక బెంచీ" అంది పైడితల్లి, వరండాలో ఎర్ర చాప మీదున్న ఒక పిల్ల వైపు వేలు చూపించి. "దానికి సదవడం రాదు, లెక్కలొచ్చు. నాకు సదవడం వచ్చు, లెక్కలు రావు. నాను లెక్క సదివితే అది సేస్తాది. మీరు దాన్ని ఇడదీసి బయట కూకోబెట్టినారు. ఆ సెవుల్లో డబ్బా సెప్పింది దానికి తెల్దు. పొద్దస్తమానం ఏడస్తంది."

"ఓస్, ఇంతేనా! ఈ మాట ముందే చెప్పొచ్చుగదే!"

"ఎవులడిగినారు? ఊదమన్నారు, ఊదినాను."

పైడితల్లి సింహాచలం గారి అనుమతి కోసం ఆగలేదు. లేచి వరండాలోకి వెళ్ళి, ఆ పిల్ల చెవుల మీది హెడ్‌ఫోను తీసి చాప మీద పెట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. పుస్తకం తెరిచి, పెద్ద గొంతుతో లెక్క చదవడం మొదలెట్టింది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ పలక మీద వేస్తోంది. ఎవరూ ఆపలేదు. టీసీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం వసారాలో నేను ఇంకా చల్లారలేదు. మిగతా చాపలు వరండాలోనే ఉన్నాయి మరి.

"ఘోరం టీచర్! వారం రోజులు! పసిదాన్ని ఊదమన్నారు గాని ఎందుకే అని ఒక్కడు అడగలేదు! పిల్లకో మనసుంటుంది, ఒక్కో పిల్లా ఒక్కో లోకం, ఆ మాత్రం తెలీనివాళ్ళు బడులెందుకు పెడతారండీ? ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా తెలుసుకోవద్దూ?" చిక్కుడుకాయల గిన్నె అదిరేలా నేల మీద చరిచాను.

భ్రమరాంబ టీచరు గారు ఆపరేషను అయిన కన్ను కొంచెం చికిలించి నా వైపు చూశారు.

"కోపం బాగానే ఉందిరా. ఇంతకీ ఆ లోపలికొచ్చిన పిల్ల పేరేంటి?"

ఆవిడ సెలవులో ఉన్నన్నాళ్ళూ ఆ తరగతి నా చేతిలోనే ఉంది. రోజూ హాజరు పిలిచింది నేనే, తొందరగా అయిపోతుందని నంబర్లతో. ఆ పిల్ల నాకు పదిహేడుగానే తెలుసు.