గురవయ్య బండ్లకు పిల్లి ఎదురు

చింతలకోన మొన్నమొన్నటిదాకా అడవే. నాలుగు పుట్టలు, రెండు కలుగులు, ఒక వాగు. చూస్తుండగానే జంతువులు వచ్చిపడి అది పట్నమైపోయింది. పట్నమయ్యాక నడవడం నామోషీ అయింది. ఎదురింట్లో గడ్డి మేయడానికి కూడా మేక బండెక్కి వెళ్లేది. దాని వైభోగం అలా ఏడ్చింది.

ఆ బండ్లన్నీ నక్క గురవయ్యవి, లాగేవి గాడిదలు. బండ్లు పెరిగి పెద్దవీధి కిక్కిరిసిపోయింది. బండెక్కిన కుందేలు కంటే నడిచే తాబేలే ముందు చేరుతోందని అందరికీ తెలుసు. అయినా దిగేవాడు లేడు.

వీధి పక్కన సన్నటి కాలిబాట ఒక్కటి మిగిలింది. దాని మీద కోడి చుక్కమ్మ తన ఎనిమిది మంది పిల్లల్నీ బడికి నడిపించుకుని పోయేది. ఒక కోతి సైకిల్ తొక్కేది. పిల్లి మాణిక్యం కూడా నడిచేది, సరదాకి కాదు. శకునం మంచిది కాదని గురవయ్య దాన్ని బండెక్కనిచ్చేవాడు కాదు. పైగా, పిల్లి అడ్డమొస్తే బండి ఆపాలి, మంచినీళ్లు తాగాలి, కాసేపు కూర్చున్నాక గానీ కదలకూడదని గాడిదలకు గట్టిగా చెప్పి పెట్టాడు.

గురవయ్య కన్ను చివరికి ఆ కాలిబాట మీద పడింది. పట్నం పెద్ద ఏనుగు భద్రయ్య దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

“నడిచేవాళ్లెవరండీ? ఒక కోడి, ఒక పిల్లి, సైకిలేసుకుని ఒక కోతి. ఆ బాటేదో నా బండ్లకిప్పించండి.”

ఏనుగు తొందరపడే రకం కాదు. రేపు పొద్దున బజారు గేటు దగ్గర తానే నిలబడి చూస్తానంది. గేటు గంట కొట్టేలోగా కాలిబాట మీద వంద మంది వస్తే అది వాళ్లదే, ఒక్కరు తగ్గినా బండ్లదే అని చెప్పింది.

గురవయ్య ఆ సాయంత్రమే చాటింపు వేయించాడు, రేపు పొద్దున బండెక్కినవాళ్లకు ఊరికేనని. ఊరికే అంటే ఎవరు కాదంటారు?

చుక్కమ్మకు దిగులు పట్టుకుంది. బాట పోతే పిల్లలు బండిచక్రాల మధ్య నడవాలి. ఆ దిగులుతో పిల్లి దగ్గర కూడా కళ్లనీళ్లు పెట్టుకుంది, పిల్లల్ని మాత్రం రెక్కల కింద దాచుకునే.

“ఏడవకక్కా,” అంది మాణిక్యం. “పొద్దున్నే నేనెటూ పాలకు వెళ్లాలి. పాలమ్మే గేదె వీధికి అవతల ఉంది కదా.”

తెల్లారింది. బండ్లన్నీ కిటకిటలాడుతూ కదిలాయి. మాణిక్యం కాలిబాట అంచు నుంచి దిగి, తోక ఎత్తుకుని, తాపీగా వీధి దాటింది. బండ్లన్నీ ఆగాయి. గాడిదలు నీళ్లు తాగాయి, కూర్చున్నాయి. లేచేసరికి పాల గిన్నె మర్చిపోయానంటూ పిల్లి వెనక్కి దాటింది. మళ్లీ నీళ్లు, మళ్లీ కూర్చోవడం. తర్వాత మూత మర్చిపోయింది.

బండ్లలో గొణుగుడు మొదలైంది. మేక బుర్రలో మొదటిసారి ఒక తెలివి వెలిగింది: పిల్లి అడ్డమొచ్చింది బండ్లకే గానీ, కాలిబాటకు కాదు కదా! దిగి నడక సాగించింది. మేక వెనక గొర్రెలు దిగకుండా ఉంటాయా? వాటి వెనక పందులు, బాతులు, కోతి సైకిల్ వెనక సీటు మీద ఉడుత.

అన్నిటికన్నా వెనక బండిలో ఉన్న గురవయ్య గాడిద మీద ఎగిరాడు.

“పోనివ్వరా, వెధవా!”

“తమరే చెప్పారు కదయ్యా,” అంది గాడిద. “నీళ్లయ్యాయి. ఇంక కూర్చోవాలి.”

గురవయ్య పళ్లు నూరుతూ బండి మీంచి దూకాడు. ఇది పిల్లి కుట్ర, ఈ లెక్క చెల్లదని మొరపెట్టుకోవాలి, అదీ గంట కొట్టేలోగా. వీధిలో కాలు పెట్టే సందు లేక కాలిబాటెక్కి, రొప్పుకుంటూ పరిగెత్తి భద్రయ్య ముందు పడ్డాడు.

“అయ్యా, లెక్క ఆపండి!”

“ఆపుతున్నా గురవయ్యా,” అంది ఏనుగు, గంట తాడు అందుకుంటూ. “ఇందాకటి నుంచీ తొంభైతొమ్మిది దగ్గరే ఆగిపోయాను. వందోవాడివి నువ్వే.”

ఎంత పెద్ద బండెక్కినా, అవసరానికి ఆదుకునేవి కాళ్లే.