సింహం తరఫు ఫిర్యాదు

తూర్పు కొండల అంచున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజు పేరు రణకేసరి. జెండా మీద సింహం, గద్దె చేతుల మీద సింహాలు, భట్రాజులు రోజూ పొద్దున్నే చదివే బిరుదుల్లో పదకొండు సింహాలు. అదీ చాలక ఆయన ఒక శాసనం వేయించాడు: "సింహాలు మా వంశానికి చుట్టాలు. వాటి మీద రాయి విసిరినా రాజద్రోహమే."

ఆ ఏడే తన వేట కోసం కొండల్లోని జింకలన్నిటినీ ఒక లోయలోకి తోలించి, చుట్టూ గోడ కట్టించాడు. తిండి దొరకని సింహాలు మందల మీద పడ్డాయి. కర్ర ఎత్తే వీలులేక కాపరులు చూస్తూ నిలబడ్డారు.

ఆ కొలువులో ఓబళయ్య అనే విదూషకుడు ఉండేవాడు. రాజును నవ్వించడం ఆయన పని. ఒకనాడు భటులు ఒక గొర్రెలకాపరి ఆడమనిషిని తెచ్చి నిలబెట్టారు. పేరు మైసవ్వ. ఆమె అరచేతులు కాలి బొబ్బలెక్కి ఉన్నాయి. వాటిని చూశాక ఓబళయ్య ఆ పూట చెప్పాలనుకున్న హాస్యాలు పక్కన పెట్టాడు.

"మా ఆయన్ని సింహం ఈడ్చుకుపోతుంటే పొయ్యిలో మండే కట్టె లాక్కుని వెంటబడ్డాను మారాజా. మొహాన కొట్టాను. వదిలిపెట్టి పోయింది. అప్పటికే ఆయన పాణం పోయింది" అంది మైసవ్వ.

"నేరం ఒప్పుకుంది. తలారిని పిలవండి" అన్నాడు రాజు.

ఎదురు చెబితే తన తల కూడా దక్కదని ఓబళయ్యకు తెలుసు. అయినా లేచి చేతులు కట్టుకున్నాడు.

"తీర్పు బాగుంది ప్రభూ. ఒక్కటే లోటు. దెబ్బ తిన్న మీ చుట్టం కొలువులో లేరు. ఫిర్యాది లేకుండా తీర్పు చెప్పారని పొరుగు రాజులు అనుకోకూడదు కదా."

చుట్టం అన్న మాట రాజుకు నచ్చింది. "నిజమే. పిలిపించండి."

"సేనాపతి గారు వెళ్తే మర్యాదగా ఉంటుంది. శాసనం ఉంది కనుక కత్తి, ఈటె, వల పనికిరావు. వట్టి చేతులతో గుహలోకి వెళ్ళి తోడ్కొని రావాలి."

సేనాపతి తల వంచుకున్నాడు.

"నూరుమందిని తీసుకెళ్ళు" అన్నాడు రాజు.

"నూరుమందైనా వట్టి చేతులతో అంటే... ప్రభువులు క్షమించాలి."

ఓబళయ్య రాజు వైపు తిరిగాడు. "పరాయివాళ్ళు కనుక భయపడుతున్నారు. అయినవాళ్ళు వెళ్తే ఆ ఇబ్బంది ఉండదు. తమకు పల్లకీ సిద్ధం చేయించమంటారా?"

 రాజు మొహం ఎర్రబడింది.

"ఓబళయ్యా, వట్టి చేతులతో సింహం ఎదుటికి ఎవరు వెళ్తారు?"

"ఇంచుమించు అలాగే ఈమె వెళ్ళింది ప్రభూ."

రాజు చూపు గద్దె చేతుల మీది సింహాల మీద పడింది. తర్వాత తన మీద తనకే నవ్వు వచ్చి, బిగ్గరగా నవ్వాడు. బతికిపోయామని కొలువంతా నవ్వింది. రాజు తన చేతి కంకణం తీసి ఓబళయ్యకు తొడిగి, శాసనం రద్దు చేసి మైసవ్వను విడిచిపెడుతున్నానన్నాడు.

"ఆ గోడ కూడా పడగొట్టించండి ప్రభూ. జింకలు కొండెక్కితే సింహాలూ కొండెక్కుతాయి" అన్నాడు ఓబళయ్య. రాజు సరేనన్నాడు.

మైసవ్వ మాత్రం నవ్వలేదు. కాలిన చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆమెను చూసి ఒక్కొక్కరే నవ్వు ఆపారు. చివరికి రాజూ ఆపాడు. గద్దె దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"నీ పెనిమిటి పేరేమిటమ్మా?"

"కొమరయ్య."

అంతవరకూ ఆ పేరు ఎవరూ అడగలేదు. తానూ అడగలేదని ఓబళయ్యకు అప్పుడే తట్టింది. చేతికున్న కంకణం బరువనిపించింది.

గోడ పడటానికి నెల పట్టింది. వానలకు కొండలు పచ్చబడ్డాయి, జింకలు పైకి పోయాయి, వాటి వెనకే సింహాలూ వెళ్ళాయి. ఆపైన ఆ కొలువుకు చావు కబురు ఏది వచ్చినా, రాజు ముందుగా పోయిన మనిషి పేరు అడిగి, ఆ తర్వాతే తక్కిన సంగతులు వినేవాడు.