నాగరత్నం భయం

ఇంకా వానలు పడలేదు గానీ కొండవాలు పశువుల కొట్టంలో అప్పుడే ఉరుములు మొదలయ్యాయి. ఉరుముతున్నది కోటయ్య. కొట్టానికంతా పెద్దదిక్కు ఆ ముసలి ఎద్దే.

"రేపు పొద్దున డాక్టరు గాలికుంటు రోగానికి టీకాలు వెయ్యడానికొస్తున్నాడు. ఒక్కరు కదిలినా ఊరుకోను! పోయినసారి ఆ రోగమొచ్చి ఎన్ని దూడలు పోయాయో నా కళ్లతో చూశాను."

"నేను వేయించుకోను మామా," అంది నాగరత్నం. ఐదు నెలల దూడకు తల్లి ఆ గేదె. "నా బిడ్డకూ వద్దు. సూది పడితే పాలు ఎండిపోతాయట. నక్క బావ చెప్పాడు."

"వాడి మాట నమ్ముతావటే, బుర్ర తక్కువదానా!"

నాగరత్నం విసురుగా గోడవైపు తిరిగింది. దాన్ని చూసి మిగతా గేదెలూ తిరిగాయి. ఇక దూడలు దక్కవనుకుంది కోటయ్య.

నాగరత్నం వీపుమీద గోమారు పురుగులు ఏరుకుతినే గోరింక అప్పుడు మెల్లగా అడిగింది.

"అక్కా, నీకు దేనికి భయం?"

నాగరత్నం తల ఇటు తిప్పింది. "చిన్నప్పుడు ముకుతాడు వెయ్యడానికి నలుగురు పట్టుకుని నా ముక్కు పొడిచారే. సూదంటే నాకు అదే గుర్తొస్తుంది."

"అయ్యో! అంత నొప్పిని ఎవరు మరిచిపోతారక్కా? ఈ సూది మెడకి. చురుక్కుమంటుంది. ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. రెండు పూటలు పాలు తగ్గినా తగ్గొచ్చు. మళ్లీ వస్తాయి."

కోటయ్య నోరు తెరిచేసింది. ఉన్న కష్టమంతా ఇలా ముందే చెప్పేస్తే ఎవరైనా ఒప్పుకుంటారా?

నాగరత్నం ఒప్పుకుంది! పొద్దున్నే తనే మెడ చాచింది, దూడనూ ముందుకు తోసింది. వెనకే మిగతా గేదెలన్నీ కదిలాయి. తాను ఇన్నేళ్లు అరిచి చెయ్యలేని పని పిడికెడు పిట్ట ఒక్క ప్రశ్నతో చేసేసిందని కోటయ్య ఆశ్చర్యంతో మేత కూడా మరిచిపోయింది.

మర్నాడు నాగరత్నం పాలు తగ్గాయి. కంచె పక్కన నక్క సిద్ధంగా ఉంది. "చెప్పానా వదినా? ఎండిపోవడం మొదలైంది! రెండోసారి మాత్రం వేయించుకోకు."

"తగ్గుతాయని గోరింక మొన్ననే చెప్పింది బావా. నువ్వేమిటి, పాత కబురు తెచ్చావు?" అంది నాగరత్నం నెమరు ఆపకుండా. మూడో పూటకి పాలు మామూలుగా వచ్చాయి.

వానలతో పాటు రోగమూ వచ్చింది. వాగు అవతలి మందలో దూడలు నురగలు కక్కుతూ కూలిపోయాయి. ఈ కొట్టంలో ఒక్క దూడా కుంటలేదు. నాగరత్నం దూడ వానలో గెంతుతుంటే కోటయ్యకు కళ్లు చెమర్చాయి.

ఆరు నెలలకు డాక్టరు మళ్లీ వచ్చాడు. నాగరత్నమే అందరికంటే ముందు నిలబడింది. కోటయ్య కనబడలేదు. గడ్డివాము వెనక, నాలుగు కాళ్లూ వణుకుతూ దొరికింది. పోయినసారి కూడా అందరూ మెడలు చాచే వేళ అక్కడే దాక్కుని చూసిందట!

ఎవరూ నవ్వలేదు. నాగరత్నం దగ్గరకొచ్చి మూతితో దాని మెడ నిమిరింది.

"మామా, నీకు దేనికి భయం?"

తనకూ సూదంటే భయమని, అది దాచడానికే అరుస్తుంటానని కోటయ్య చెప్పుకుంది. చెప్పుకున్నాక నడిచొచ్చి మెడ చాచింది. కంచె అవతల చచ్చిన దూడ కోసం కాచుకున్న నక్క, ఆ వరస చూసి, ఖాళీ కడుపుతో కొండెక్కింది.

భయపడేవాళ్లను గద్దించే ముందు, వాళ్ల భయమేమిటో అడిగి చూడండి.