చిల్లుల గొట్టం

దస్తగిరికి ఆదోని కావాలి.

ఆదోనిలో ఒక తకియా ఉంది. దారిన పోయే ఫకీర్లు అక్కడ బస చేస్తారు, ఆకలైనవాళ్లు తింటారు, మనసు బాగాలేనివాళ్లు వచ్చి కాసేపు కూర్చుంటారు. దాన్ని చూసుకునే పెద్దాయన ఈమధ్యే కన్నుమూశాడు. ఎవరినైనా పంపించమని ఊరివాళ్లు పీరాన్ షా బాబాకు కబురు మీద కబురు పెడుతున్నారు. బాబా దగ్గర మిగతావాళ్లందరికంటే పాత శిష్యుడు దస్తగిరి. పంపితే అతన్నే పంపాలి. ఆ సంగతి దస్తగిరికి బాగా తెలుసు. బాబాకే తెలిసినట్టు లేదు.

ఆదోనిలో వేసుకోవడానికి పచ్చని అంగీ ఒకటి ముందే కుట్టించుకున్నాడు దస్తగిరి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

అలాగని అతను చేతకానివాడు కాదు. ఏ కష్టానికైనా అతని దగ్గర ఒక నీతి ఉండేది, ఆ నీతికి తోడు ఒక కథ ఉండేది. వచ్చినవాళ్లు చెప్పులు విడిచేలోపే సగం చెప్పేసేవాడు. గొంతు కూడా మంచిది. వినడానికి బాగానే ఉండేది.

ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబా, నన్ను ఆదోనికి ఎప్పుడు పంపుతారు?"

బాబా తలెత్తకుండా ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"ఈ గురువారం మాంసం నువ్వే కాల్చు. అందరూ తిన్నాక ఆ సంగతి మాట్లాడుకుందాం."

దస్తగిరికి పట్టరానంత సంతోషమైంది. వంటే కదా.

అయితే అప్పట్లో బాబా వంటశాలకు ఒక చిక్కు వచ్చి పడింది. అంతకుముందు కట్టెల పొయ్యి ఉండేది. దాని పొగకు బాబా కళ్లు పాడవుతున్నాయని ఒక భక్తుడు కొత్తరకం ఇనప పొయ్యి తెచ్చి పెట్టాడు. వేరుసెనగ పొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలు దాని తొట్టిలో పోస్తే చాలు, కొద్దికొద్దిగా అవే నిప్పులోకి జారతాయి. వేడి సమంగా తగులుతుంది, మాడదు, కళ్లు మండవు. కానీ ఆ పొయ్యి మీద కాల్చిన మాంసానికి కట్టెల వాసన రాదు. గురువారాలు బాబా దగ్గరికి భోజనానికి వచ్చేవాళ్లు పైకి ఏమీ అనకపోయినా, మారు వడ్డించుకోవడం తగ్గించారు.

దస్తగిరి దీనికి మందు కనిపెట్టాడు. కమ్మరి దగ్గరికి పోయి, మూరెడు ఇనప గొట్టానికి ఒళ్లంతా చిల్లులు వేయించుకొచ్చాడు. అందులో జామకట్టె ముక్కలు కూరి, అంటించి, పొయ్యిలో మాంసం పక్కన పెడితే సరి. వేడి గుళికలది, పొగ జామకట్టెది. నిజం చెప్పాలంటే చాలా మంచి ఆలోచన.

గురువారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. బాబా వచ్చి, "ఒక తొడ కాల్చకుండా పక్కన పెట్టు," అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

పొగ బాగా రావాలని దస్తగిరి కట్టెముక్కల్ని నీళ్లలో నానబెట్టాడు. గొట్టం నిండా దట్టంగా కూరాడు. ఇటొకసారి అటొకసారి, రెండు వైపులా అంటించాడు. ఇక చూడాలి ఆ పొగ. తెల్లగా, మందంగా, పొయ్యి మూత సందుల్లోంచి పొర్లుకుంటూ వచ్చి బాబా తకియా అంతా నిండిపోయింది. వచ్చినవాళ్లు దగ్గుతూనే మెచ్చుకున్నారు. దస్తగిరి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే ఓబులేసు వచ్చాడు. పక్కపల్లె రైతు, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆ రోజు నవ్వు లేదు.

"మా తమ్ముడు పోయినాడు," అన్నాడు. "గట్టు తగాదా మా ఇద్దరికీ. వాని మొగం చూసి రెండేండ్లయింది. చివరికి శవాన్నే చూసినా."

అంతే, దస్తగిరి అందుకున్నాడు. దేహం అద్దెకొంప అన్నాడు. కోపం నిప్పు అన్నాడు, పశ్చాత్తాపం నీళ్లు అన్నాడు. ఒక చేత్తో గొట్టం సర్దుతూ రెండో చేత్తో ఆకాశం చూపిస్తూ, అన్నదమ్ముల మీద తనకు వచ్చిన కథలన్నీ చెప్పాడు. ఓబులేసు కళ్లు తుడుచుకుని, లేచి, వాకిలి బయట రాతి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

దస్తగిరి బాబా దగ్గరికి వెళ్లాడు.

"నా మాటలకు ఓబులేసు కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు బాబా."

"మాటలకా, పొగకా?" అన్నాడు బాబా.

భోజనాలు మొదలయ్యాయి. మొదటి ముక్క అందరూ ఆశగా నోట్లో పెట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కరూ నీళ్లచెంబు వైపు చెయ్యి చాచారు. మింగలేరు, గురువుగారి ఇంట్లో కక్కలేరు. రొట్టెలు అయిపోయాయి, పులుసు అయిపోయింది, మాంసం మాత్రం ప్రతి విస్తరి అంచునా మిగిలిపోయింది. దస్తగిరి ఒక ముక్క కొరికి చూశాడు. చేదు. మసి నాకినట్టుంది.

అతనికి ఆదోని గుర్తొచ్చింది. పెట్టె అడుగున మడతపెట్టిన పచ్చ అంగీ గుర్తొచ్చింది.

"జామకట్టె మంచిది కాదేమో బాబా," అన్నాడు మెల్లగా.

బాబా గొట్టం తీసి, లోపలున్నదంతా పెరట్లో కుమ్మరించి, శుభ్రంగా దులిపాడు. అదే జామకట్టె, ఎండలో పడి ఉన్న పొడి ముక్కలు ఏరి, గాలి ఆడేలా వదులుగా నింపాడు. ఒక్క వైపే అంటించాడు. మంట బాగా పట్టుకునేదాకా ఓపిగ్గా చూశాడు. తర్వాత ఒక్క ఊదు ఊది మంట ఆర్పేసి, గొట్టాన్ని పొయ్యిలో ఒక మూలన పెట్టాడు. పొద్దున పక్కన పెట్టించిన తొడ లోపల పెట్టి మూత వేశాడు.

దస్తగిరి వంగి చూశాడు. మూత సందుల్లోంచి ఏమీ రావడం లేదు. వెలుతురుకు అడ్డంగా తల పెట్టి చూస్తే, నీలంగా ఒక సన్నని పోగు ఉందో లేదో అన్నట్టుంది.

"ఆరిపోయింది బాబా. పొగ కనపడల్యా." మూత తీయబోయాడు.

బాబా అతని మణికట్టు పట్టుకున్నాడు.

"పొగ నీకు కనపడాల్నా, మాంసానికి పట్టాల్నా?"

దస్తగిరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బాబా బయటికి వెళ్లి అరుగు మీద ఓబులేసు పక్కన కూర్చున్నాడు. దస్తగిరి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తను చెప్పినవాటికంటే పెద్ద మాట ఏదో బాబా ఇప్పుడు చెప్తాడు, దాన్ని గుర్తుపెట్టుకోవాలి అనుకున్నాడు.

చాలాసేపటికి బాబా అడిగాడు.

"మీ తమ్ముని పేరేందప్పా?"

"లింగమయ్య."

అంతే. ఆ పేరు నోట్లోంచి వచ్చాక ఓబులేసు ఆగలేదు. లింగమయ్య చిన్నప్పుడు గొర్రెల వెంట పడి తప్పిపోవడం, అన్న పెళ్లిలో డప్పు ముందు ఎగరడం, గట్టు మీద పార పైకెత్తి కూడా కొట్టలేక దించేయడం, అన్నీ చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు, మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. బాబా తల ఊపుతూ కూర్చున్నాడు. అరుగు మీద ఎండ వాలిపోయింది. వాకిట్లోకి అప్పుడు వచ్చింది వాసన, ఎవరూ పిలవకుండానే.

దస్తగిరి మాంసం కోసి విస్తట్లో పెట్టి తీసుకొచ్చాడు. ఓబులేసు ఒక ముక్క తిన్నాడు, ఇంకొకటి తీసుకున్నాడు.

"మాయమ్మ కట్టెల పొయ్యి వాసన ఇది," అన్నాడు. "దేని మీద కాల్చినారు సామీ? పొగే కానరాల్యా."

"అంతా దస్తగిరి చేయించిన గొట్టం మహిమే," అన్నాడు బాబా.

ఓబులేసు కడుపునిండా తిని వెళ్లిపోయాడు. దస్తగిరి అరుగు కిందే నిలబడి ఉన్నాడు.

"బాబా, నేనింగ కొన్నాళ్లు ఈడనే ఉంటా."

"వద్దు. రేపే పో," అన్నాడు బాబా. "గొట్టం మర్చిపోవద్దు."

గురువుకు కృతజ్ఞత చెప్పడానికి దస్తగిరి దగ్గర చాలా మంచి మాటలు ఉన్నాయి. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, గొట్టంలో బూడిద దులపడానికి లోపలికి వెళ్లాడు.

ఆదోనిలో మొదటి గురువారం ఒక ఆడమనిషి వచ్చింది. కొడుకు ఇల్లు విడిచిపోయి ఏడాదైందట. దస్తగిరికి ఆ కష్టానికి సరిపడే కథ ఒకటి వచ్చు. చాలా మంచి కథ, నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

అతను చాప మీద కొంచెం పక్కకు జరిగి, ఆమెకు చోటిచ్చాడు.

"అబ్బాయి పేరేందమ్మా?" అని అడిగాడు.