గోదాలో కూర్చుండిపోయిన లాలప్ప

దగ్గరికి జరగండి. సల్మా, ఆ దుప్పటి చెల్లెలి మీద కూడా కప్పవే. కథ చెప్తా గానీ, ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నా కథా ఆగుద్ది.

అనగా అనగా, అనగనగా, కొండవీటి కొండకి ఆ పక్కన దూదిపాలెం అని ఒక ఊరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇంటికొక దూదేకే విల్లు ఉండేది. తెల్లారితే చాలు, ఈ ఇంట్లో టంగుం, ఆ ఇంట్లో టంగుం, ఊరంతా టంగుం టంగుం. దూది పింజలు గాల్లోకి లేచి కోళ్ళ మీద వాలేవి, మేకల మీద వాలేవి, ముసలాళ్ళ గడ్డాల్లో ఇరుక్కునేవి. మా నాన్న కూడా దూదేకుతానే ఈ కథ చెప్పేవాడు నాకు. అప్పుడు నేను ఊ కొట్టే పనే లేదు, ఆ విల్లే ఊ కొట్టేది. నా జడ నిండా తెల్లగా దూది. మా అమ్మ తల దువ్వతా తిట్టేది. ఇప్పుడా విల్లు మోత ఎక్కడుందిలే. సరే, కథలోకొద్దాం.

ఆ ఊళ్ళో లాలప్ప అని ఒక పహిల్వాను. చిన్నప్పటి నుంచి విల్లు మోగించి మోగించి చేతులు రోకళ్ళంత అయినయ్. ఇట్టాంటి చేతులు దూదికేం సరిపోతయ్ అని వాళ్ళ నాన్న తీసుకుపోయి తాలీంఖానాలో చేర్చాడు. అంటే కుస్తీ నేర్పే చోటు. పొద్దున్నే ఏం తినేవాడో తెలుసా? పది జొన్నరొట్టెలు, పన్నెండు కోడిగుడ్లు, చెంబెడు నెయ్యి, కుండెడు పాలు. అవన్నీ అరగడానికి వంద గుంజీళ్ళు. ఇంక గోదాలోకి దిగాడంటే అద్దంకి వాణ్ణి అడ్డంగా పడేశాడు, వినుకొండ వాణ్ణి వీపు మీద పడేశాడు, నరసరావుపేట వాణ్ణి నడుం మీద పడేశాడు, బాపట్ల వాణ్ణి బోర్లా పడేశాడు. చుట్టుపక్కల పడెయ్యడానికి మనిషి మిగల్లేదు.

ఊ కొడుతున్నారా? ఆ.

అంతటి లాలప్పకి ఒక జబ్బుంది. కోపం. అన్నం కాలితే కోపం, చల్లారితే కోపం. తలుపేస్తే కోపం, తీస్తే కోపం. మేక అరిస్తే కోపం, అరవకపోతే దానికేమైందని కోపం. కోపం వస్తే చేతికి ఏది దొరికితే అది పగలాల్సిందే. ఆ ఇంట్లో కుండలు కొని కొని కుమ్మరాయన మేడ కట్టాడని జనం నవ్వుకునేవాళ్ళు. భార్య ఇమాంబీ నెమ్మదైన మనిషి. మనుషుల మీద చెయ్యెత్తడు గదా, కుండలే గదా అని సర్దుకుపోయేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, నూరీ. అప్పటికి నాలుగు నిండి ఐదు నడుస్తా ఉంది. నాన్న వస్తే చాలు, ఆ రోకళ్ళ లాంటి చేతులు పట్టుకుని ఉయ్యాల ఊగేది.

ఒకరోజు లాలప్ప కుస్తీకి బయల్దేరతన్నాడు. తాగిపోవాల్సిన బాదంపాలు గిన్నెలో పెట్టి ఉన్నయ్. నూరీ పరిగెత్తుకుంటా వచ్చి గిన్నెని తన్నేసింది. పాలన్నీ నేలపాలు. లాలప్పకి కళ్ళు ఎర్రబడిపోయినయ్. ఒక్క అరుపు అరిచి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి పిల్ల మీద పళ్ళేదు, అల్లా దయ. పక్కన మట్టిగోడ మీద పడింది. గోడ పెళ్ళలు పెళ్ళలుగా ఊడి నూరీ నెత్తి మీద రాలింది.

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నెత్తిన మట్టితో అట్టా నాన్న వంక చూసి, పోయి గాదె వెనకాల నక్కింది.

ఆ రోజు నుంచి నూరీ లాలప్పతో మాట్లాడలేదు. వాకిట్లో ఆయన అడుగు చప్పుడైతే చాలు, గాదె వెనక్కి పోయేది. రంగుల గాజులు తెచ్చాడు, బూందీ లడ్లు తెచ్చాడు, కొయ్యగుర్రం తెచ్చాడు. అవన్నీ గడప మీద పెట్టి ఆయన అవతలికి పోతే, అప్పుడు వచ్చి తీసుకునేది. నెల అయింది, రెండు నెలలయినయ్, ఏడాది తిరిగొచ్చింది. ఊళ్ళో వాళ్ళంతా ఎదురొచ్చి దణ్ణం పెట్టే మనిషి, తనింట్లోకి దొంగలాగా అడుగులో అడుగేసుకుంటా వచ్చేవాడు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని, నేను దాన్ని కొట్టను గూడా కొట్టలేదు కదా అని భార్య దగ్గర బాధపడ్డాడు. ఇమాంబీ కంచంలో కూర వేస్తా ఒకటే మాట అంది.

"నీ చెయ్యి తగల్లేదు. నీ అరుపు తగిలింది."

లాలప్ప చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. లేచి తిన్నగా మామగారింటికి పోయాడు.

ఇమాంబీ వాళ్ళ నాన్న మౌలాలి సాహెబు. మసీదులో పిల్లలకి అక్షరాలు చెప్పే ముల్లాగారు. గాలొస్తే గోడ పట్టుకుని నిలబడేంత బక్కమనిషి. అల్లుడు వచ్చి చెప్పుకున్నదంతా విన్నాడు. విని, ఈ చుట్టుపక్కల అందరికంటే బలవంతుడెవరో చెప్పమన్నాడు. ఇందులో అడిగేదేముంది, నేనే అన్నాడు లాలప్ప.

అప్పుడు ముసలాయన చెప్పాడంట. మన ప్రవక్తగారు, ఆయన మీద అల్లా శాంతి కురిపించాలి, తన చుట్టూ ఉన్నవాళ్ళని ఒకసారి ఇదే అడిగారు. బలవంతుడని మీరు ఎవర్నంటారని. ఎవరూ పడెయ్యలేని మల్లుణ్ణి అంటామన్నారు వాళ్ళు. కాదు, కోపం వచ్చినప్పుడు తన్ను తాను పట్టుకోగలిగినవాడే బలవంతుడన్నారు ఆయన. ఇంకోసారి ఒకాయన వచ్చి నాకేదైనా మంచిమాట చెప్పండి అన్నాడు. కోపం తెచ్చుకోకు అన్నారు. ఇంకా ఏదైనా చెప్పండి అన్నాడు. కోపం తెచ్చుకోకు అన్నారు. ఆయన ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

లాలప్ప తల గోక్కున్నాడు. ఎదుటివాణ్ణి పట్టుకోవడానికి నాకు నలభై పట్లు తెలుసు మామా, నన్ను నేను పట్టుకునే పట్టు ఒక్కటీ తెలీదే అన్నాడు. దానికీ పట్లున్నయ్యి, మూడే మూడు, అన్నాడు ముసలాయన.

"నిలబడి ఉండగా కోపమొస్తే కూర్చో. కూర్చున్నా పోకపోతే పడుకో. అప్పటికీ పోకపోతే లేచిపోయి వజూ చేసుకో. కోపం నిప్పు నాయనా, నీళ్ళకే ఆరుద్ది."

ఇవన్నీ ప్రవక్తగారు నేర్పిన మర్యాదలే. వజూ అంటే తెలుసుగా, నమాజుకి ముందు చేతులూ మొహం కాళ్ళూ కడుక్కుంటామే, అది.

ఇంక చూడాలి లాలప్ప అవస్థ. మర్నాడు మేక తలపాగా నమిలేసింది. కోపమొచ్చింది. కూర్చున్నాడు. ఆ మర్నాడు సంతలో ఎవడో కాలు తొక్కాడు. నడిబజార్లో కూర్చున్నాడు. పహిల్వానుకి కళ్ళు తిరిగినయ్యని నూనె అమ్మేవాడు విసనకర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఒకసారి వానలో బండి దిగబడితే, ఎడ్ల మీద కోపమొచ్చి బురదలోనే కూర్చున్నాడు, పోలేదు, పడుకున్నాడు. ఇంటికొచ్చేసరికి మనిషో, మట్టిబొమ్మో తెలీలేదు. ఇమాంబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అన్నిసార్లూ కుదిరిందనుకోకండి. తొమ్మిదో రోజున చాకలాయనతో మాటా మాటా వచ్చి, కూర్చునే లోపలే ఆయన పీట విరగ్గొట్టాడు. సిగ్గుతో మామ దగ్గరికి పోయి ఇది నావల్ల కాదన్నాడు. పహిల్వానువి అయ్యేలోపు గోదాలో ఎన్నిసార్లు పడ్డావని అడిగాడు ముసలాయన. లెక్కే లేదన్నాడు లాలప్ప. మరి దీనికెందుకు లెక్కపెడతావు, ఆ చాకలాయన్ని క్షమించమని అడిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టు అన్నాడు. లాలప్ప పోయి అడిగాడు. కొత్త పీట కూడా చేయించి ఇచ్చాడు.

ఊ... ఊ ఏదీ? నిద్రపోయారా? ఆ, అదీ.

అట్టా ఉండగా జాగీర్దారు గారు దండోరా వేయించారు. పెద్ద కుస్తీ పెడుతున్నాం, గెలిచినవాడికి మోచేతి దాకా వచ్చే వెండి కడియం, పెంకుటిల్లు, జాగీరు పహిల్వాను అన్న పేరు. లాలప్ప ఏడేళ్ళుగా ఎదురుచూస్తున్న రోజది. బందరు నుంచి ఖాజా పహిల్వాను వచ్చాడు. వాడూ వీడికి తగ్గవాడు కాదు. ఊళ్ళకి ఊళ్ళు బండ్లు కట్టుకుని పోయినయ్. ఆడవాళ్ళ బండ్లన్నీ ఒక పక్కన. ఇమాంబీ బండిలో, అమ్మ కొంగు చాటున నూరీ.

డప్పులు మోగినయ్. ఇద్దరూ గోదాలోకి దిగారు. వీడు పట్టు వేస్తే వాడు విడిపించుకున్నాడు, వాడు వేస్తే వీడు విడిపించుకున్నాడు. గోదా మన్ను ఎర్రగా లేచింది. చివరికి లాలప్ప ఖాజా మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. ఇంకొక్క నిమిషం. ఖాజాకి ఓడిపోతున్నానని తెలిసిపోయింది. ఊళ్ళ మాటలు ఊళ్ళు దాటతయ్ కదా, అది గుర్తొచ్చి లాలప్ప చెవిలో అన్నాడు.

"నీ మొహం నీ కూతురే చూడదంట గదా."

లాలప్పకి డప్పులు వినపళ్ళేదు. జనం కనపళ్ళేదు. చెయ్యి దానంతటదే బిగుస్తా ఉంది. ఖాజా మెడలో నరం కొట్టుకోవడం తన మోచేతికి తెలుస్తా ఉంది. ఇంకొంచెం తిప్పితే విరుగుద్ది. గోడ మీద పడిన చెయ్యి ఇదే. పట్టు వదిలి కూర్చున్నవాడు ఓడినట్టే, అది గోదా కట్టు. లాలప్పకి తెలుసు. ఏడేళ్ళు, కడియం, పెంకుటిల్లు, అన్నీ తెలుసు.

పట్టు వదిలేశాడు. గోదా మధ్యలో కూర్చుండిపోయాడు.

డప్పులు ఆగినయ్. కోపం మటుకు పోలేదు. మన్నులో వెల్లకిలా పడుకున్నాడు. జనం ముందు నోళ్ళు తెరిచారు, తరవాత నవ్వారు, ఆ తరవాత ఈలలేశారు. మన ఊరి పరువు తీశాడని దూదిపాలెం వాళ్ళే తిట్టారు. జాగీర్దారు కడియం ఖాజా చేతికి తొడిగాడు. లాలప్ప మెల్లిగా లేచి, పక్కనున్న బిందెలో నీళ్ళు వంచుకుని వజూ చేసుకున్నాడు. చేతులు కడుక్కున్నాడు, నోరు పుక్కిలించాడు, మొహం కడుక్కున్నాడు, మోచేతుల దాకా తడుపుకున్నాడు, తల తడుముకున్నాడు, కాళ్ళు కడుక్కున్నాడు. ఆ తరవాత ఖాజా దగ్గరికి పోయి తనే ముందు సలాం చెప్పాడు. ఖాజా మెడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికొచ్చేటప్పుడు లాలప్ప బండి వెనక కొసన, కాళ్ళు వేలాడేసుకుని, వీపు బండి లోపలికి తిప్పి కూర్చున్నాడు. ఎడ్ల గంటలొక్కటే. వాగు దాటినాక వెనకనుంచి ఒక చిన్న గొంతు వినపడింది. ఏడాది పైన అయినాక.

"నాన్నా, నువ్వెందుకు కూర్చున్నావు?"

లాలప్ప వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎక్కడ ఆ చిన్న గొంతు ఆగిపోద్దోనని.

"కోపం వచ్చిందమ్మా. నిలబడితే ఎవరికైనా దెబ్బ తగులుద్దని కూర్చున్నా."

నూరీ కొంగు చాటునుంచి తల బయటపెట్టింది. "ఇంకా ఉందా?"

"కొంచెం ఉంది."

బండిలో గడ్డి సర్రుమంది. నూరీ జరిగి జరిగి వచ్చి ఆయన పక్కనే కూర్చుని, తనూ కాళ్ళు వేలాడేసింది. "అయితే పోయేదాకా నేనూ కూర్చుంటా" అంది.

లాలప్ప ఏడ్చాడంట. అంత మనిషి, నాలుగు ఊళ్ళ వాళ్ళని పడేసిన మనిషి, చప్పుడు కాకుండా ఏడ్చాడంట. మా నాన్న ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి విల్లు ఆపేసేవాడు. పింజ కంట్లో పడిందనేవాడు. నేను నమ్మేదాన్ని.

ఆ తరవాతేమైందంటే, నాలుగో రోజున ఖాజా దూదిపాలెం వచ్చాడు. వాకిట్లో ఒక పక్కగా నిలబడి సలాం చెప్పాడు. ఆ రోజు నా ప్రాణం నీ చేతిలో ఉంది, నువ్వు వదిలేశావు, నా నోటి పాపానికి నన్ను క్షమించు, ఇది నీదే అని కడియం తీశాడు. ఈ మాట జాగీర్దారుకీ చెప్పే వచ్చానన్నాడు. కాదు, గోదా కట్టు ప్రకారం నీదే అన్నాడు లాలప్ప. నీదంటే నీదని ఇద్దరూ పొద్దు గూకిందాకా వాదించుకున్నారు. అన్నాలు చల్లారిపోతున్నయ్, ఇమాంబీకి విసుగొచ్చింది. నీకు పిల్లలున్నారా అన్నా అని ఖాజాని అడిగింది. ఒక్కతే కూతురన్నాడు. అయితే ఇటివ్వండని కడియం తీసుకుని, మర్నాడే కంసాలి చేత కరిగించి రెండు జతల పట్టీలు చేయించింది. ఒక జత నూరీకి, ఒక జత బందరుకి. పంచాయితీ తీరిపోయింది.

జాగీర్దారు కబురంపి లాలప్పని తాలీంఖానాకి ఉస్తాదుని చేశాడు. నేర్చుకోవడానికొచ్చిన వాళ్ళకి ముందు కూర్చోవడం నేర్పేవాడంట ఆయన. నవ్విన ఊళ్ళే తమ పిల్లల్ని తీసుకొచ్చి అప్పజెప్పినయ్. ఆ మౌలాలి ముసలాయన నూరీ పెళ్ళి దాకా ఉన్నాడు, పెళ్ళి భోజనంలో రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాడంట. అందరూ సుఖంగా ఉన్నారు.

కాబట్టి అమ్మలూ, ఇంట్లోవాళ్ళతో మంచిగా ఉన్నవాడే మీలో మంచివాడని ప్రవక్తగారు చెప్పారు. బయట ఎంత గెలిస్తే ఏం లాభం, ఇంట్లో పిల్ల దాక్కుంటుంటే. పొద్దున అక్క జుట్టు పట్టుకుని పీకిన వాళ్ళెవరో నేను పేరు చెప్పను. రేపు కూర్చోండి, అంతే.

కథ కంచి దారి పట్టింది, నిద్ర మన ఇంటి దారి పట్టింది. ఇంక కళ్ళు మూసుకోండి.