ఎవరూ తిరిగిరాని రోజు

సముద్రం ఒడ్డున ఒక వైమానిక స్థావరంలో భుజంగరావు అనే అధికారి ఉండేవాడు. పని పూర్తి చేయడం కన్నా పూర్తయిందనిపించుకోవడమే ఆయనకు ముఖ్యం.

యుద్ధం అప్పుడే ముగిసింది. అందరూ అలసిపోయి ఉన్నారు. గెలిచామన్న సంతోషం కూడా రెండు రోజులకే అలసిపోయింది. యుద్ధంలో పోయిన విమానాల జాబితా సంపూర్ణంగా ఉందో లేదో చూసి సంతకం పెట్టమని భుజంగరావుకు ఆజ్ఞ వచ్చింది. జాబితాలో ఉన్న విమానాల్లో వెళ్లినవాళ్లు అమరులు. విమానం జాబితాలో లేకుండా మనిషి కనబడకపోతే, వాడు పారిపోయినట్టే లెక్క.

దాడికి వెళ్లిన దళం తిరిగి రాగానే, ఎన్ని విమానాలు కూలాయో దళ నాయకుడు రాసి ఇచ్చేవాడు. భుజంగరావు ఆ కాగితాలను తేదీల వారీగా చూసేవాడు. కాగితం లేని తేదీ వస్తే "నష్టం లేదు" అని రాసేసేవాడు.

"ఇలాంటి తేదీలు ఇంకాసిన్ని ఉంటే బాగుణ్ణు సార్, భోజనానికి ఇంటికి పోవచ్చు" అనేవాడు గుమాస్తా అప్పలస్వామి.

ఒక మధ్యాహ్నం నూకరత్నం అనే అమ్మాయి వచ్చింది. చేపలు పట్టే వరాహయ్య కూతురు. ఆమె తమ్ముడు ఎల్లాజీ విమానంలో వైర్‌లెస్ చూసేవాడు. సరిహద్దు దగ్గరి చిన్న స్థావరం నుంచి, కార్తీక పున్నమి రోజున దాడికి వెళ్లాడు. మళ్లీ కబురు లేదు.

"ఆ రోజు ఏ విమానమూ పోలేదమ్మా. కాగితమే లేదు" అన్నాడు భుజంగరావు.

"కాగితం లేదంటే విమానం పోనట్టా బాబూ? మా అయ్య నెల్లాళ్లుగా నోరు విప్పడం లేదు. ఆయనకు బాధ లేదనుకోమంటారా?"

భుజంగరావు నవ్వాడు. "నువ్వు ప్లీడరువి కావలసింది."

"చదివించి ఉంటే అయ్యేదాన్నే. పోనీ ఇది చెప్పండి. ఆ కాగితం రాసేదెవరు?"

"తిరిగొచ్చిన నాయకుడు."

"ఎవరూ తిరిగి రాకపోతే?"

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ చిన్న స్థావరానికి వెళ్లాలి. ఎన్ని విమానాలు లేచాయో, ఎన్ని దిగాయో అక్కడివాళ్లను వెతికి అడగాలి. భుజంగరావుకు ఓపిక లేదు.

"చూస్తాలే, వెళ్లిరామ్మా" అన్నాడు.

ఆమె గడప దాటగానే జాబితా అడుగున "సంపూర్ణం" అని రాసి సంతకం పెట్టేశాడు.

జాబితా అచ్చయింది. అందులో ఎల్లాజీ విమానం లేదు. వరాహయ్య ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో "పిరికివాడి ఇల్లు" అని రాశారు. ముసలాయన తుడిచాడు. మర్నాడు మళ్లీ రాశారు. తుడుస్తూ తుడుస్తూనే ఆయన మంచం పట్టాడు. ఎండలు ముదరకముందే పోయాడు.

ఆ వేసవిలో జాలర్ల వలలో ఒక విమానం రెక్క పడింది. దాని మీద నంబరుంది. ఆ నంబరు జాబితాలో లేదు. అప్పుడు కదిలాడు భుజంగరావు. సరిహద్దుకు వెళ్లి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లను వెతికి అడిగాడు. పున్నమి రోజున వెళ్లిన దళంలో ఒక్క విమానమూ తిరిగి రాలేదు. మర్నాడే శత్రువు ఆ స్థావరాన్ని తగలబెట్టాడు. రాసేవాడూ పోయాడు, రాయించుకునేవాడూ పోయాడు. తాను హాయిగా "నష్టం లేదు" అని రాసిన రోజే, ఆ యుద్ధంలోకెల్లా ఘోరమైన రోజు.

ఆయన నూకరత్నం ఇంటికి వెళ్లాడు.

"మీ తమ్ముడు పారిపోలేదమ్మా."

"నాకు కొత్తగా చెబుతున్నారా? వినాల్సిన మనిషి విననే లేదు" అంది ఆమె. లోపలికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "అయ్య పోయాక నేను తుడవలేదు. మీ కోసం అట్టేపెట్టాను."

భుజంగరావు గోడ తుడిచాడు. అక్షరాలు పోయాయి, మసి మాత్రం పోలేదు. తిరిగి వెళ్లి, ఆ దళం విమానాలన్నీ జాబితాలో చేర్చి, అడుగున "సంపూర్ణం" కొట్టేసి "తెలిసినంతవరకు" అని రాశాడు.

నీతి: వెతకని చోట ఏమీ లేదనకూడదు, అందరూ పోయిన చోట చెప్పడానికి ఎవరూ మిగలరు.